ఏడు డబ్బాలు

"మీరు మూకుడు పెట్టకూడదని తెలుసు. అలాగని పిల్లలు నోరు కట్టుకుని కూర్చోవాలా ఏంటే?" అంటూ పెద్దత్త గుమ్మంలోనే స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది. ఇంకా వేడిగా ఉంది. మూత తీస్తే నువ్వులద్దిన అరిసెలు.

నాన్న పోయి ఏడాది తిరగలేదు. ఈ సంక్రాంతికి మా ఇంట్లో పిండివంటలు లేవు.

సాయంత్రానికి వంటగది గట్టు మీద ఏడు డబ్బాలయ్యాయి. పిన్ని జంతికలు, ఎదురింటి వదిన సున్నుండలు, వీధి చివర మామ్మగారి పోకుండలు. మామ్మగారి డబ్బా మీద చెక్కిన పేరు సగం అరిగిపోయింది. ఆవిడకీ మాకూ చుట్టరికమేమీ లేదు. నాన్న ఆవిడని "అత్తా" అని పిలిచేవారు, అంతే.

అరిసెలు ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు పాకం చూడాలి, ఒకరు తడిపిండి పోస్తుంటే ఇంకొకరు ఉండలు కట్టకుండా తిప్పాలి, నూనెలోంచి తీయగానే నొక్కాలి. మా ఇంటి వాటా కూడా లెక్కేసుకునే పెద్దత్త బియ్యం నానబోసిందట. అది విన్నాక నాకు గొంతు పెగల్లేదు.

అమ్మ మొదటి అరిసె నాన్న ఫోటో ముందు పెట్టింది. తర్వాత డబ్బాలన్నీ కడిగి తుడిచి, ఖాళీగా ఇవ్వకూడదని ఒక్కోదాంట్లో గుప్పెడు పంచదార పోసి, ఏది ఎవరిదో పేర్లు చదవమని నన్ను పిలిచింది.