సీటు ఎంత ఊగాలి? క్రాంకు నుంచి సెట్టింగు దాకా

ఇంట్లో చేసుకున్న మోషన్ సిమ్యులేటరులో, అంటే కంప్యూటరు కారు ఆటకు తగ్గట్టు ఊగే సీటులో, ఊపు చాల్లేదనిపిస్తే చాలామంది ముందు సిమ్‌టూల్స్ (ఆట కదలికను మోటార్లకు పంపే సాఫ్ట్‌వేరు) తెరిచి శాతాలు పెంచుతారు. అది తలకిందుల పని. సీటు ఎంత కదలాలనేది తేలేది క్రాంకు (మోటారు షాఫ్టుకు బిగించే చేయి) ఇనుములో. మోటార్లను నడిపే చిన్న కంట్రోలు బోర్డు ఆర్డుయినో దానికి గట్లు వేస్తుంది. కేసీ కాలువలో మాదిరే, గట్టు దాటి నీళ్ళు పారించాలని చూస్తే తెగేది గట్టే.

వెల్డింగు షెడ్డులో అయిపోయే రకాన్నే తీసుకుందాం. సీటు కింద నడుమ జీపు యూజే క్రాస్ (అన్ని వైపులా వాలనిచ్చే కీలు), వెనక రెండు గేరు మోటార్లు, ఒక్కోదానికి క్రాంకు, రాడ్డు, రెండు కొసలా రాడ్ ఎండ్లు (గుండు కీళ్ళు). రాడ్డు సీటు ఫ్రేముకు తగిలే చోటు క్రాస్ నుంచి 35 సెంటీమీటర్లు వెనక, 25 సెంటీమీటర్లు పక్కకు ఉందనుకోండి.

క్రాంకుకు 10 ఎంఎం పట్టీ తీసుకుని షాఫ్టు మధ్య నుంచి 30, 40, 50 ఎంఎం దూరాల్లో మూడు బెజ్జాలు వేయించండి. లేత్ షాపులో ఒకేసారి అయిపోతుంది, తర్వాత కొలత మార్చాలంటే బోల్టు మారిస్తే చాలు. 40 ఎంఎం బెజ్జంలో క్రాంకు అటు 75 డిగ్రీలు, ఇటు 75 డిగ్రీలు తిరిగితే రాడ్డు పైకి, కిందికి దాదాపు 38.6 ఎంఎం చొప్పున పోతుంది. అంటే సీటు ముందుకూ వెనక్కూ 6 డిగ్రీలు, పక్కలకు 9 డిగ్రీల దాకా వాలుతుంది. తక్కువనిపిస్తుందా? గువ్వలచెరువు ఘాట్‌లో బస్సు వాలు కొలిచినా పెద్ద అంకె రాదు, అయినా కడుపులో తిప్పుతుంది. మనిషికి ఎక్కువగా తెలిసేది ఎంత వాలిందని కాదు, ఎంత చురుగ్గా వాలిందని.

పొడుగు క్రాంకుతో ఇంకో చిక్కు ఉంది. 20 న్యూటన్ మీటర్ల (తిప్పే బలం) మోటారు 40 ఎంఎం దగ్గర సుమారు 51 కిలోల బరువు ఎత్తుతుంది. 50 ఎంఎంకు పోతే అది 41కి పడిపోతుంది, 30 ఎంఎంకు తగ్గితే 68 అవుతుంది. మనిషి బరువుకు మోటారు ముక్కుతుంటే బయటి బెజ్జం వద్దు, లోపలికి రండి. పెడళ్ళు నేల మీద ఉండి సీటు ఒక్కటే కదిలే రకమైతే మరీ జాగ్రత్త. 6 డిగ్రీలకే వీపు ఆనించే పలక పైకొస 8 సెంటీమీటర్లు జరుగుతుంది, బ్రేకు మీది కాలు తప్పుతుంది.

మరి 75 డిగ్రీల దగ్గరే ఎందుకు ఆగాలి, 90 దాకా పోవచ్చు కదా? పోతే దక్కేది ఒకటిన్నర ఎంఎం కూడా కాదు. 90 దాటిందంటే క్రాంకు ఇంకా అదే వైపు తిరుగుతుంటే సీటు వెనక్కి మళ్ళుతుంది. క్రాంకు ఎంత తిరిగిందో చెప్పే పొటెన్షియోమీటరుకు ఆ తేడా తెలియదు, అది కోణాన్నే చూస్తుంది. ఎక్కువ విరుపులు జరిగేది ఇక్కడే.

ఇక పొటెన్షియోమీటరు. 10కే (పది వేల ఓములు) లీనియర్ రకం, అంటే తిరిగినంతకు సమంగా మారేది తీసుకోండి, లాగ్ రకం పనికిరాదు. క్రాంకు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు నడిమి తీగలో 2.5 వోల్టులు రావాలి, ఆర్డుయినో 0 నుంచి 1023 దాకా లెక్కలో అది 512. మొత్తం 300 డిగ్రీలు తిరిగే పొటెన్షియోమీటరైతే డిగ్రీకి 3.4 అంకెలు, 75 డిగ్రీలకు 256. అంటే మన పొలం 256 నుంచి 768 దాకా. ఆర్డుయినోలో నడిచే ఎస్ఎంసీ3 ప్రోగ్రాములో క్లిప్ హద్దు (ఆట ఎంత అడిగినా దాటనివ్వనిది) ఈ అంకెల దగ్గరే పెట్టండి. మోటారును ఆపేసే మ్యాక్స్ హద్దును దానికి 25, 30 అంకెలు బయటికి పెట్టండి. రెండూ ఒకే చోట పెడితే రవ్వంత అదనంగా జరిగినా మోటారు ఆగిపోతుంది, ఆటలో బ్రేకు కొట్టినప్పుడల్లా అదే గోల.

నడిమి తీగ ఆర్డుయినోకు చేరే చోటి నుంచి గ్రౌండుకు 100కే రెసిస్టరు ఒకటి వేయండి. తీగ తెగితే రీడింగు సున్నాకు పడి మ్యాక్స్ హద్దు మోటారును ఆపుతుంది. అది లేకపోతే రీడింగు ఎటు తేలుతుందో చెప్పలేం, మోటారు ఎటు పరిగెత్తుతుందో కూడా.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు రాడ్డు ఊడదీసి ఉండాలి. మోటారు తనంతట తాను ఒక కొసకు దూసుకుపోతే తీగలు తిరగబడ్డట్టు. మోటారు రెండు తీగలో, పొటెన్షియోమీటరు కొసల తీగలో, ఏదో ఒక జతే మార్చండి. రెండు జతలూ మారిస్తే మళ్ళీ మొదటికే వస్తారు. మోటారులో ఉండేది వర్మ్ గేరు (మర లాంటి గేరు) అయితే చేతికి తిరగదు, కాబట్టి రాడ్డు ఊడి ఉన్నప్పుడే సీటును నాలుగు మూలలకూ చేత్తో వంచి చూడండి. రాడ్ ఎండ్ గుండు ఎక్కడైనా అంచుకు తగిలితే వాషరు వేసి దూరం పెంచండి. తగిలే దాన్ని అట్లే వదిలేస్తే ముందు వంగేది బోల్టు.

శాతాల దగ్గరికి ఇప్పుడు రండి. ముందుకు వాలడానికి 60, పక్కకు వాలడానికి 60 పెడితే ఒక్కోటి విడిగా బాగుంటుంది. మలుపులో బ్రేకు కొడితే ఒక మోటారుకు 120 అడిగినట్టు అవుతుంది. అది 100 దగ్గర గోడకు గుద్దినట్టు నిలిచిపోతుంది. 55, 45తో మొదలుపెట్టండి.

ఎండాకాలం మధ్యాహ్నం ఇవన్నీ మళ్ళీ చూసుకోవాలి. మోటారుకు కరెంటు అందించే ఐబీటీ-2 డ్రైవరు బోర్డు మీద 43 ఆంపియర్లు అని రాసి ఉంటుంది కానీ, ఆ చిన్న హీట్‌సింకుతో 40 డిగ్రీలు దాటిన గదిలో ఆ మాట నమ్మొద్దు. ఫ్యాను పెట్టండి, ఒక్కో మోటారుకు విడిగా ఫ్యూజు వేయండి. ఎర్ర గుండీ ఎమర్జెన్సీ స్విచ్చి మోటార్ల కరెంటునే తెంపాలి, యూఎస్‌బీని కాదు.

ఊపు పెరిగితే అడుగు ఫ్రేము నేల మీద జరగడం మొదలుపెడుతుంది. రెండడుగుల చదరం, అంగుళం మందం కడప బండ సుమారు 24 కిలోలు తూగుతుంది. ఫ్రేము వెనక మోటార్ల దగ్గర రెండు వేస్తే సరి. అయితే నున్నటి బండ మీద నున్నటి ఇనుము జారుతుంది, నడుమ పాత ట్యూబు రబ్బరు ముక్కలు పరచండి.