బ్రెగ్జిట్ గొడవల మధ్య నా సెటిల్డ్ స్టేటస్: నా అనుభవం

యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, వెళ్ళిపోవాలా (దీన్నే బ్రెగ్జిట్ అన్నారు) అని 2016 జూన్ 23న బ్రిటన్‌లో జరిగిన రిఫరెండంలో నాకు ఓటు ఉంది, మా ఆయనకి లేదు. నేను విజయవాడ నుంచి చదువుకోడానికి లీడ్స్ వచ్చాను, నాది ఇండియన్ పాస్‌పోర్ట్. ఆయనది పోలండ్. అప్పటికే తొమ్మిదేళ్ళుగా ఇక్కడ పనిచేస్తూ పన్నులు కడుతున్నారు. ఇండియా లాంటి కామన్వెల్త్ దేశాల వాళ్ళు చట్టబద్ధంగా ఇక్కడ ఉంటుంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. రిఫరెండానికీ అదే నియమం పెట్టారు. యూరోపియన్ యూనియన్ వాళ్ళలో మాత్రం ఐర్లండ్, మాల్టా, సైప్రస్ పౌరులకి తప్ప ఎవరికీ ఓటు లేదు.

అసలు నేను ఈ దేశంలో ఉండే హక్కు ఆయన వల్ల వచ్చిందే. 2014లో మా పెళ్ళయింది. ఆ మరుసటి ఏడాది యూరప్ పౌరుడి భార్యగా నాకు రెసిడెన్స్ కార్డు ఇచ్చారు. ఆయన హక్కు మీద నా హక్కు, మా ఇల్లు, నా ఉద్యోగం అన్నీ ఆధారపడి ఉన్నాయి. ఆ హక్కు ఉండాలా వద్దా అని అడిగినప్పుడు సమాధానం చెప్పే అవకాశం ఆయనకి కాకుండా నాకు వచ్చింది. ఇది న్యాయం కాదని నాకు ఆరోజే అనిపించింది. ఇప్పటికీ అదే అంటాను.

ఓటింగ్‌కి వారం ముందు, జూన్ 16న, మాకు దగ్గర్లోనే ఉన్న బర్‌స్టల్‌లో జో కాక్స్ అనే ఎంపీని నడివీధిలో చంపేశారు. ఆవిడ యూనియన్‌లో ఉండాలని ప్రచారం చేస్తున్నారు. ఆ వారమంతా ఊళ్ళో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఫలితం వచ్చేసరికి లీడ్స్‌లో ఉండాలన్నవాళ్ళు 50.3 శాతంతో గెలిచారు కానీ, దేశం మొత్తం మీద వెళ్ళిపోదాం అన్నవాళ్ళు 51.9 శాతం. తెల్లారేసరికి ప్రధాని కామెరాన్ రాజీనామా ప్రకటించారు.

మన తెలుగువాళ్ళలో కూడా వెళ్ళిపోదాం అని ఓటేసినవాళ్ళు నాకు బాగా తెలుసు. యూరప్ వాళ్ళు రావడం ఆగితే మనవాళ్ళకి వీసాలు పెరుగుతాయని ప్రచారంలో చెప్పారు. ప్రీతి పటేల్ లాంటి నాయకులు కర్రీ హౌస్‌లకి వంటవాళ్ళు దొరుకుతారని కూడా అన్నారు. దానికి మించి ఒక నిజమైన బాధ ఉంది. బ్రిటిష్ పౌరులు ఇండియా నుంచి భర్తనో భార్యనో తెచ్చుకోవాలంటే అప్పట్లో ఏడాదికి 18,600 పౌండ్ల జీతం చూపించాలి. యూరప్ పౌరులకి ఆ నియమం లేదు. నాకు తెలిసిన ఒక అక్క పార్ట్‌టైమ్ ఉద్యోగం చేస్తూ, జీతం చాలక, పెళ్ళయ్యాక చాలాకాలం భర్త ఇక్కడ లేకుండానే గడిపింది. "నీకు సులువుగా వచ్చింది, నాకెందుకు రాలేదు?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ నియమం తప్పు, నిజమే. కానీ నా హక్కు తీసేస్తే ఆవిడ భర్తకి వీసా రాదు కదా.

తరవాత రెండేళ్ళు ఎవరికీ ఏమీ స్పష్టంగా తెలియలేదు. 2017 మార్చి 29న కొత్త ప్రధాని థెరిసా మే ప్రభుత్వం యూనియన్‌కి అధికారికంగా నోటీసు ఇచ్చింది. రెండేళ్ళ గడువు అప్పుడు మొదలైంది. ఆ ఏడాదే నేను గర్భవతిని. కాంట్రాక్ట్ ఉద్యోగం అయిపోయింది. తొలి పురుడు పుట్టింట్లోనే అని అమ్మ పట్టుబట్టింది, నాకూ వెళ్ళాలనే ఉంది. విజయవాడ వెళ్ళాను. పాప పుట్టి, దాని కాగితాలన్నీ తేలి తిరిగి లీడ్స్ చేరేసరికి ఆరు నెలలు దాటిపోయింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తరవాత నన్ను బాగా టెన్షన్ పెట్టింది ఇదే.

2018లో విండ్‌రష్ వ్యవహారం బయటపడింది. దశాబ్దాల కిందట కరీబియన్ నుంచి హక్కుతో వచ్చి ఇక్కడే ముసలివాళ్ళయినవారిని, కాగితం చూపలేదని ఉద్యోగాల్లోంచి తీసేశారు, కొందరిని దేశం నుంచే పంపేశారు. హోం మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ వార్తలు చదివాక మేము ఇంట్లో ప్రతి కాగితం దాచడం మొదలుపెట్టాం. కౌన్సిల్ టాక్స్ (ఇంటి పన్ను) బిల్లులు, పీ60లు (ఏడాది జీతం, పన్ను చూపించే కాగితాలు), బ్యాంక్ స్టేట్‌మెంట్లు, డాక్టర్ ఉత్తరాలు, బోర్డింగ్ పాసులతో సహా.

2019 జనవరి 15న థెరిసా మే తెచ్చిన బ్రెగ్జిట్ ఒప్పందం పార్లమెంటులో 202కి 432 ఓట్లతో ఓడిపోయింది. పాపని పడుకోబెట్టి టీవీ ముందు కూర్చున్నాం. నాన్న కూడా విజయవాడలో రాత్రి మేలుకుని చూస్తున్నారు. ఫోన్ చేసి, "మన విభజన బిల్లప్పుడు లోక్‌సభలో లైవ్ కూడా ఆపేశారు. అక్కడ అన్నీ చూపిస్తున్నారు కదమ్మా, అదే మేలు" అన్నారు. నిజమే, అన్నీ కనిపించాయి. మార్చి 12న రెండోసారి ఓటమి. 27న ఎనిమిది ప్రత్యామ్నాయాలు పెడితే దేనికీ మెజారిటీ రాలేదు. వెళ్ళిపోవాల్సిన రోజైన 29న మూడోసారి ఓటమి. గొడవంతా ఎక్కువగా ఐర్లండ్ సరిహద్దు గురించి. ఉత్తర ఐర్లండ్‌కీ ఐర్లండ్‌కీ మధ్య మళ్ళీ చెక్‌పోస్టులు రాకుండా బ్రిటన్ యూనియన్ కస్టమ్స్ నియమాల్లో ఎంతకాలం ఉండాలన్నదే తగువు.

మాలాంటివాళ్ళ హక్కులు కూడా ఆ ఒప్పందంలోనే రాసి ఉన్నాయి. అది ఓడిన ప్రతిసారీ మా హక్కులు మళ్ళీ గాల్లోకి లేచేవి. ఒప్పందం లేకుండా బయటికి వెళ్ళినా మిమ్మల్ని ఉండనిస్తాం అని ప్రభుత్వం చెప్తూనే ఉంది. అయితే అంతర్జాతీయ ఒప్పందంలో రాసిన హక్కు వేరు, ఒక ప్రభుత్వం ఇచ్చే మాట వేరు. ప్రభుత్వం మారితే మాట మారొచ్చు. ఆ ఏడాది ప్రభుత్వం ఎప్పుడు మారుతుందో ఎవరికీ తెలియదు.

యూరప్ పౌరులు, వాళ్ళ కుటుంబాలు ఇక్కడే ఉండిపోవడానికి దరఖాస్తు చేసుకునే యూరోపియన్ యూనియన్ సెటిల్‌మెంట్ స్కీమ్ మార్చి 30 నుంచి అందరికీ తెరిచారు. మొదట పెద్దవాళ్ళకి 65 పౌండ్ల ఫీజు అన్నారు, తరవాత తీసేశారు. ఐదేళ్ళు వరసగా ఉన్నవాళ్ళకి సెటిల్డ్ స్టేటస్, అంటే శాశ్వతంగా ఉండొచ్చు. అంతకంటే తక్కువైతే ప్రీ-సెటిల్డ్, అది అప్పట్లో ఐదేళ్ళకి మాత్రమే ఇచ్చేవారు. పాస్‌పోర్ట్ చిప్‌ని ఫోన్‌తో చదివించే యాప్ అప్పట్లో ఆండ్రాయిడ్‌లో మాత్రమే పనిచేసేది, మాకేమో రెండూ ఐఫోన్లే. పక్కింటివాళ్ళ ఫోన్ అడిగి తెచ్చుకున్నాం. మా ఆయన నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ కొట్టగానే పన్నుల రికార్డు అంతా దానంతటదే వచ్చేసింది. కొద్ది రోజుల్లోనే సెటిల్డ్ అని మెయిల్ వచ్చింది. ఆయన సంతోషించలేదు. "ఉన్న హక్కుకి మళ్ళీ దరఖాస్తు ఏంటి" అన్నారు. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

నాకు పెళ్ళయి ఐదేళ్ళు నిండేదాకా ఆగాం. ఈలోగా, వెళ్ళిపోవడం వాయిదా పడింది కాబట్టి, మే 23న యూరోపియన్ పార్లమెంట్ ఎన్నికలు వచ్చాయి. ఈసారి యూరప్ పౌరులకీ ఓటుంది, కానీ ముందే వేరే డిక్లరేషన్ ఫారం నింపి పంపాలట. పోలింగ్ కేంద్రంలో మా ఆయన పేరు మీద గీత కొట్టేసి ఉంది. దేశమంతటా చాలామంది యూరప్ పౌరులు అలాగే వెనక్కి వచ్చారు. ఆ మర్నాడే థెరిసా మే కన్నీళ్ళతో రాజీనామా ప్రకటించారు.

వేసవిలో నేను దరఖాస్తు చేశాను. నా రెసిడెన్స్ కార్డులో చిప్ ఉంది కాబట్టి యాప్‌తోనే గుర్తింపు అయిపోయింది. మా ఆయన దరఖాస్తు నంబర్ ఇచ్చాను. పన్నుల రికార్డు చూశాక స్క్రీన్ మీద ప్రీ-సెటిల్డ్‌కి అర్హత ఉందని వచ్చింది. ఉద్యోగం లేని కాలం రికార్డులో ఖాళీగా కనిపించింది మరి. అక్కడ రెండు దారులు ఉంటాయి. అది ఒప్పుకోవచ్చు, లేదా ఒప్పుకోకుండా ఇంకా ఆధారాలు ఇస్తానని చెప్పొచ్చు. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒకటే: మీకు ఐదేళ్ళు నిండాయని నమ్మకం ఉంటే ఆ స్క్రీన్ దగ్గర తొందరపడి ఒప్పుకోవద్దు.

అప్పటి నియమం ఏంటంటే, ఏ పన్నెండు నెలల్లోనైనా ఆరు నెలలకి మించి బయట ఉంటే ఆ ఐదేళ్ళ లెక్క తెగిపోయేది. నాకు పనికొచ్చే ఒక మినహాయింపు ఉండేది. గర్భం, కాన్పు, పెద్ద జబ్బు, చదువు లాంటి ముఖ్యమైన కారణం ఉంటే, ఒక్కసారి ఏడాది వరకు బయట ఉండనిచ్చేవారు. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళడం మనకి మామూలు విషయం. దాన్ని ఎవరో తెలియని ఆఫీసర్‌కి కాగితాల్లో చూపించాలి. హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ, పాప బర్త్ సర్టిఫికెట్, వెళ్ళిన రోజు, వచ్చిన రోజు బోర్డింగ్ పాసులు, ఇద్దరి పేర్లూ ఉన్న కౌన్సిల్ టాక్స్ బిల్లులు పెట్టాను. పది ఫైళ్ళే అప్‌లోడ్ చేయనిచ్చారు, అందుకని ఒక్కో ఏడాదివి కలిపి స్కాన్ చేశాను. డిశ్చార్జ్ సమ్మరీ కోసం నాన్న ఎండలో హాస్పిటల్ రికార్డుల గదికి తిరిగారు. ఆయన తెచ్చిన ఆ కాగితం లేకపోతే నా దరఖాస్తు నిలబడేది కాదు.

ఎదురుచూస్తుండగా జూలై 24న బోరిస్ జాన్సన్ ప్రధాని అయ్యారు. ఒప్పందం ఉన్నా లేకున్నా అక్టోబర్ 31న వెళ్ళిపోతామన్నారు. పార్లమెంటునే ఐదు వారాలు మూసేయాలని చూశారు. ఒప్పందం లేకుండా వెళ్ళడానికి అడ్డుపడిన సొంత పార్టీ ఎంపీలు 21 మందిని పార్టీ గ్రూపు నుంచి తీసేశారు. సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టు జడ్జీలు పదకొండు మందీ ఒకే మాటగా ఆ మూసివేత చట్టవిరుద్ధం అన్నారు. లేడీ హేల్ తీర్పు చదువుతుంటే ఆఫీసు క్యాంటీన్‌లో అందరం నిలబడి విన్నాం. ఈ దేశం మీద నాకు నమ్మకం తిరిగి వచ్చిన రోజు అది.

ఆ మధ్యలోనే నా దరఖాస్తు చూస్తున్న ఆఫీసర్ ఫోన్ చేశారు. మర్యాదగా మాట్లాడి, కాన్పు తరవాత కూడా ఎందుకు ఆగాల్సి వచ్చిందో డాక్టర్ ఉత్తరం ఉందా అని అడిగారు. అమ్మ డాక్టర్‌గారి దగ్గరికి వెళ్ళి రాయించి పంపింది. అక్టోబర్‌లో సెటిల్డ్ స్టేటస్ వచ్చింది. ఆ మెయిల్ చూసి నేను ఏడ్చాను. అక్టోబర్ 31 గడువు కూడా జరిగి 2020 జనవరి 31కి వెళ్ళింది. డిసెంబర్ ఎన్నికల్లో జాన్సన్‌కి 80 సీట్ల మెజారిటీ వచ్చాక ఇంక వాయిదాలు లేవు.

ఇప్పుడు నా హక్కుకి చేతిలో పెట్టుకునే కాగితం అంటూ లేదు. ఇల్లు అద్దెకి తీసుకున్నా, ఉద్యోగం మారినా ఆన్‌లైన్‌లో షేర్ కోడ్ (నా స్టేటస్ వాళ్ళు చూసుకునేందుకు ఇచ్చే నంబర్) తీసి ఇవ్వాలి. ఒక ఏజెంట్ అయితే కోడ్ వద్దు, కార్డే కావాలని మొండికేసి ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. సెటిల్డ్ స్టేటస్ ఉన్నవాళ్ళు వరసగా ఐదేళ్ళు బయట ఉంటే అది పోతుందని కూడా గుర్తుంచుకోండి. అమ్మానాన్నలకి వయసు పైబడుతోంది కాబట్టి ఈ లెక్క నా మనసులో ఎప్పుడూ ఉంటుంది. ఇండియన్ పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకున్నప్పుడు కొత్త నంబర్‌ని మీ స్టేటస్ ఉన్న ఆన్‌లైన్ అకౌంట్‌లో వెంటనే మార్చుకోండి. లేకపోతే హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చెక్-ఇన్ దగ్గర మీ స్టేటస్ వాళ్ళకి కనిపించకపోవచ్చు.