ప్యానెల్ మీద కరెంటు పాఠం: నా అనుభవం

మాది పల్నాడు జిల్లాలో ఒక జడ్పీ హైస్కూలు, నేను ఫిజికల్ సైన్స్ చెప్తాను. ప్రభుత్వ బడులు బాగుచేసే నాడు-నేడు పథకం కింద మాకు క్లాసులో గోడకి బిగించే పెద్ద టచ్ ప్యానెల్ వచ్చింది, ఐఎఫ్‌పి అంటాం. దాంట్లో వీడియో పెడితే పిల్లలు బుద్ధిగానే చూస్తారు, అయిపోయాక ఏం అర్థమైందిరా అంటే బాగుంది సార్ అంటారు, అంతే, అక్కడితో ఆగిపోతుంది. నాకు కావాల్సింది అది కాదు, పిల్లోడు లేచొచ్చి చేత్తో కదిపి చూసే పాఠం కావాలి.

దానికి దొరికింది ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే ప్రయోగం చేసి చూసే బొమ్మలు. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లవి, 2001లో ఫిజిక్స్‌ నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు, అన్నీ ఫ్రీ, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. పదో తరగతి విద్యుత్ పాఠానికి అందులో సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ అని ఒకటి ఉంది, బ్యాటరీ, బల్బు, వైరు వేలితో లాగి మనమే సర్క్యూట్ కట్టుకోవచ్చు.

మా దగ్గర నెట్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఉన్న ముప్పావుగంట పీరియడ్‌లో లోడింగ్ అని చక్రం తిరుగుతా ఉంటే వెనక బెంచీలు సంత అయిపోతాయి. అందుకని ఇంటి దగ్గరే సిమ్యులేషన్ ఫైల్ డౌన్‌లోడ్ చేసి ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నా, నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో ఓపెన్ అవుతుంది. బడి పాఠాల కోసం ప్రభుత్వం పెట్టిన దీక్షా యాప్‌లో వీడియోలు కూడా అలాగే ముందే దించుకుని పెట్టుకోవచ్చు. ఇంకో విషయం, ఇది ఎవరూ చెప్పరు, ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ప్యానెల్‌కి కలిపితే బొమ్మ, సౌండు వస్తాయి గానీ టచ్ పనిచెయ్యదు, దానికి ప్యానెల్ నుంచి ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ కేబుల్ కూడా వెయ్యాలి, మా దానికైతే ప్రింటర్‌కి వాడే చదరపు మూతి కేబులే సరిపోయింది. అది పెట్టాకే పిల్లలు వేలితో లాగగలిగారు, లేకపోతే మౌస్ నా చేతిలో, వాళ్లు ప్రేక్షకులు.

ఇక క్లాసు. ప్యానెల్ ఆన్ చెయ్యకుండానే ముందు నల్లబోర్డు మీద బొమ్మ గీశాను, ఒక బ్యాటరీ, శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, ఒకేలాంటి రెండు బల్బులు. ఏది ఎక్కువ వెలుగుతుందో నోట్‌బుక్‌లో రాసి కింద గీత కొట్టండి, తర్వాత మార్చకూడదు అన్నా. చాలామంది మొదటి బల్బు అనే రాశారు, ఎందుకమ్మా అంటే అది కొంత కరెంటు వాడేసుకుంటుంది కదా సార్, రెండోదానికి మిగిలిందే వెళ్తుంది అన్నారు. ఎన్నేళ్ల నుంచో వింటున్న మాట ఇది, చాక్‌పీసుతో ఎంత చెప్పినా పరీక్షలో కరెక్టుగా రాస్తారు గానీ మనసులో అదే ఉంటుంది.

అప్పుడు ప్యానెల్ ఆన్ చేసి ఒక అమ్మాయిని పిలిచా. 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బులు రెండు కట్టింది, మొదటి బల్బుకి ముందు కరెంటు కొలిచే అమ్మీటర్ పెడితే 0.45 ఆంపియర్లు, రెండు బల్బుల మధ్య పెడితే 0.45, చివర పెట్టినా 0.45, అంటే మొదటి బల్బు కరెంటు ఏమీ వాడేసుకోలేదు. క్లాసు మొత్తం సైలెంటు. ఒక బల్బు తీసేసి వైరు కలపమంటే 0.90 అయింది, అప్పుడు వెనక నుంచి ఒకడు 9 బై 20, 9 బై 10 సార్ అని అరిచాడు, వోల్టుల్ని ఓమ్‌లతో భాగిస్తే కరెంటు వస్తుందనే ఓమ్ నియమం వాడంతట వాడే వేశాడు, నేనేం చెప్పలేదు. రెండు బల్బుల్నీ సమాంతరంగా, అంటే దేనికది బ్యాటరీకి కలిపి కడితే ఒక్కో బల్బులో 0.90, బ్యాటరీ దగ్గర 1.80.

ఇంతలో ఒక పిల్ల, సార్ పుస్తకంలో బాణం ఇటు ఉంది, ఇక్కడ చుక్కలు అటు పోతున్నాయేంటి అంది. చాలా మంచి ప్రశ్న. ఆ నీలం చుక్కలు ఎలక్ట్రాన్లు, సెట్టింగ్ మారిస్తే చుక్కల బదులు సంప్రదాయ కరెంటు, అంటే ప్లస్ నుంచి మైనస్‌కి పోతుందని పుస్తకంలో గీసే కరెంటు బాణాలు వస్తాయి, రెండూ మార్చి మార్చి చూపించా. షార్ట్ సర్క్యూట్ చేస్తే బ్యాటరీకి మంట వస్తుంది, అక్కడి నుంచి ఇంట్లో ఫ్యూజు ఎందుకో చెప్పడం తేలికైపోయింది.

సిమ్యులేషన్‌లో పేర్లు ఇంగ్లీషులో ఉంటే పక్కన బోర్డు మీద నిరోధం, శ్రేణి, సమాంతర అని తెలుగులో రాస్తా ఉంటా, మా టెక్స్ట్‌బుక్కులు ఎలాగూ రెండు భాషల్లో ఉన్నాయి కాబట్టి పిల్లలు కలుపుకుంటారు. మాట్లాడుకునేటప్పుడు మాత్రం ప్యానెల్ ఆపేస్తా, అది వెలుగుతుంటే కళ్లన్నీ అటే. పైకి పిలిచేది కూడా ముందు బెంచీ వాళ్లనే కాదు, హాజరు పట్టీలో మధ్య నుంచి, చివరి నుంచి పిలుస్తా.

అదే పీరియడ్‌లో టార్చి బల్బులు, సెల్సు ఇచ్చి నిజంగా కట్టించాను, ఇది మాత్రం వదలకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక గ్రూపులో రెండు బల్బులు సమానంగా వెలగలేదు. సార్ ప్యానెల్ అబద్ధం చెప్పింది అన్నారు. సరే బల్బులు అటూ ఇటూ మార్చి కట్టండి అన్నా, ఎక్కడ పెట్టినా అదే బల్బు డల్‌గా వెలిగింది, అంటే తేడా స్థానంలో లేదు, బల్బులోనే ఉందని వాళ్లే తేల్చారు. ఈ మాట తెర మీద చూసి నేర్చుకునేది కాదు, అక్కడ మనం మార్చకపోతే అన్ని బల్బులూ ఒకటే.

తర్వాత పాఠం విద్యుత్ ప్రవాహపు అయస్కాంత ఫలితాలు. దానికి కూడా సిమ్యులేషన్లు దించి పెట్టుకున్నా గానీ మొదటి రోజు ప్యానెల్ ముట్టుకోను, తీగ పక్కన దిక్సూచి పెట్టి కరెంటు ఇస్తే సూది కదలడం చేతిలోనే చూడొచ్చు, డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయిర్‌స్టెడ్ 1820లో చూసింది కూడా అదే. గ్రూపుకి ఒక దిక్సూచి చొప్పున కావాలి, ల్యాబ్ బీరువాలో ఉన్నవాటిలో సూది సరిగ్గా తిరిగేవి ఏరి పెడుతున్నా.