ఫ్లూ టీకా, ఎడమ భుజం, ఒక ఫిర్యాదు

తిరుపతిలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో నిరుడు ఫ్లూ టీకా వేయించుకున్నాను. నర్సు చొక్కా చేయి పైకి మడవకుండా, పై గుండీలు విప్పించి కాలరును భుజం కిందికి లాగి, ఎముక అంచుకు ఆనుకునే సూది గుచ్చింది. ఎముకకు రెండు మూడు వేళ్ల కింద, కండలో వేయవలసిన మందు అంత పైన పడితే కీలు దగ్గరి బర్సా అనే మెత్తని సంచిలోకి పోయి వాపు తెస్తుంది. నా ఎంఆర్‌ఐలో కనిపించినదీ ఆ వాపే. ఇప్పటికీ చొక్కా తొడుక్కోవాలంటే ముందు ఎడమ చేతిని కుడి చేత్తో పట్టి దూర్చుకోవాలి. టీకాను నేను తప్పుపట్టను. ఈ ఏడాదీ వేయించుకుంటాను, కుడి చేతికి.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు విని, "అక్కడైతే మామా, తప్పెవరిదో నిరూపించే పనే లేదు" అన్నాడు. టీకా నష్టపరిహార పట్టికలో 2017లో ఈ భుజం గాయాన్ని చేర్చారట. నొప్పి 48 గంటల్లోపు మొదలై, బాధ ఆరు నెలలకు మించి ఉంటే, మూడేళ్లలోగా దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రతి డోసు మీద వసూలు చేసే పన్నుతోనే ఆ నిధి నడుస్తుంది.

మనకు అటువంటి నిధి లేదు కనుక, నిర్లక్ష్యాన్ని నేనే నిరూపించాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల గడువుంది. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి మీద ఈ దారి లేదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. నేను డబ్బు కట్టి తీసుకున్న బిల్లు అందుకే ఇప్పుడు విలువైనది.

చిక్కంతా తేదీల దగ్గరే వచ్చింది. టీకా నొప్పి సహజమేనని రెండు నెలలు ఓర్చుకుని వెళితే, ఎముకల డాక్టరు చీటీలో "రెండు నెలలుగా భుజం నొప్పి" అని మాత్రమే రాశారు, టీకా ఊసే లేదు. పైగా నాకు షుగరుంది. షుగరున్నవాళ్లకు భుజం బిగుసుకుపోవడం మామూలేనని అవతలి పక్షం తప్పక వాదిస్తుంది. వివరంగా రాయమని మళ్లీ అడిగితే, "టీకా తరువాత మొదలైందని రోగి చెబుతున్నారు" అని ఒక వాక్యం చేర్చారు.

చివరికి మా ఆవిడ ఫోనులో టీకా వేయించుకున్న రాత్రి అమ్మాయికి పంపిన వాట్సాప్ సందేశం దొరికింది: "నాన్నకు చేయి పైకి లేవడం లేదు, అన్నం కూడా తినలేదు." వకీలు మిత్రుడు చెప్పినట్టు దానికి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రం జతచేసి, బిల్లుతోపాటు ఫిర్యాదుకు కుట్టాను.