ఈ సంవత్సరము కూడ ఉండనిమ్ము

డిసెంబరు 31 రాత్రి చర్చిలో జరిగే వాచ్ నైట్ ఆరాధన చివర్లో, కొత్త ఏటికి ఒక్కొక్కరికి ఒక్కో బైబిల్ వచనం రాసిన వాగ్దానాల చీటీలున్న పళ్ళెం మా వరసకి వచ్చింది. అన్న చెయ్యి చాపలేదు. "మీరు తీసుకోండి" అని మొహం పక్కకి తిప్పుకున్నాడు. అమ్మ తన చీటీ తీసుకుంది. తర్వాత ఇంకొకటి తీసి, చదవకుండానే నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచింది. అది అన్నదని నాకు అర్థమైంది. అన్నకి కూడా అర్థమయ్యే ఉంటుంది.

మాది కావలి దగ్గర ఒక చిన్న ఊరు. అన్న మూడెకరాల రొయ్యల గుంటలు కౌలుకి చేస్తాడు. రెండు పంటలు వరసగా వైట్ స్పాట్ జబ్బు తగిలి పోయాయి. రెండోసారి సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేసి నలభై రోజులు కూడా కాలేదు. తెల్లవారి వెళ్ళేసరికి రొయ్యలన్నీ గట్టు వారకి చేరి తేలుతున్నాయట. మేత బాకీ అలాగే ఉంది, నీళ్ళకి గాలి ఆడించే ఏరేటర్ల కరెంటు బిల్లు అలాగే ఉంది. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషి దగ్గరికి ప్రార్థన చెయ్యడానికని వచ్చిన ఒక బోధకుడు, "నీ విశ్వాసంలో ఎక్కడో లోపముంది బ్రదర్, చూసుకో" అని వెళ్ళాడు. అన్న ఆ మాటకి ఎదురు చెప్పలేదు. మెల్లగా చర్చికి రావడం మానేశాడు.

నాకు ఆ మాట మీద ఇప్పటికీ కోపమే. పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబుతో అతని స్నేహితులు కూడా ఇదే అన్నారు. "మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలు కారు" అని యోబు వాళ్ళకి జవాబిచ్చాడు. అన్నకి ఆ జవాబు చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కాలన్నది అమ్మ కోరిక. అమ్మ నెల్లూరులో మిషన్ బోర్డింగ్‌లో చదువుకుంది. ఆ కొండ కథ అక్కడే విన్నదట. డెబ్బై ఏళ్ళు వచ్చినా ఒక్కసారీ ఎక్కలేదు. "ఈ మోకాళ్ళతో ఈ ఏడు ఎక్కకపోతే ఇంకెప్పుడు ఎక్కుతాను" అంది. జనవరి 1నే వెళ్ళాలి, అదీ తెల్లవారకముందే. రాత్రిపూట ఇద్దరు ఆడవాళ్ళం వెళ్తున్నామని అన్న తోడొచ్చాడు. ప్రార్థనకి మాత్రం కాదని బయల్దేరేటప్పుడే చెప్పేశాడు.

కావలి బస్టాండులో మూడు గంటలకి బస్సు దొరికింది. సగం మంది మాలాగే చర్చిల నుంచి వచ్చినవాళ్ళు. చలికి తలలకి శాలువాలు చుట్టుకుని, ఒళ్ళో బైబిళ్ళు పెట్టుకుని నిద్రపోతున్నారు. రామాయపట్నం వెళ్ళే దారి దాటుతుంటే అమ్మ కిటికీ లోంచి చీకట్లోకి చూపించి, "అక్కడే పాస్టర్లకి సెమినరీ పెట్టారు" అంది. ఇప్పుడు ఆ ఊరి పేరు చెబితే అందరూ పోర్టు సంగతే మాట్లాడతారు.

ఒంగోల్లో దిగేసరికి ఇంకా చీకటే. కొండ కింద టీ తాగి ఎక్కడం మొదలుపెట్టాం. పెద్ద కొండేమీ కాదు. కానీ అమ్మ పది అడుగులు వేసి ఆగుతుంది, మళ్ళీ పది వేస్తుంది. ఒక చేత్తో నా భుజం పట్టుకుంది. కాసేపటికి రెండో చెయ్యి అన్న పట్టుకున్నాడు. ఆగిన ప్రతిచోటా అమ్మ కొంచెం కొంచెంగా కథ చెప్పింది. మా ఇద్దరికీ తెలిసిన కథే.

శామ్యూల్ డే అనే మిషనరీ 1840లో నెల్లూరు వచ్చాడు. ఏళ్ళు గడిచినా నమ్మినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయన ఆరోగ్యం పాడైంది. డబ్బు పంపే అమెరికా బాప్టిస్టులు ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని ఒకసారి కాదు, పదే పదే చర్చించుకున్నారు. 1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో కూడా అదే మాట వచ్చింది. వాళ్ళ పటంలో తెలుగు దేశమంతటికీ నెల్లూరు దగ్గర ఒక్కటే చుక్క. దాన్ని ఒంటరి నక్షత్రం అన్నారు. చివరికి మూయలేదు. లోన్ స్టార్ మిషన్ అన్న పేరు అలా వచ్చింది.

ఆ మరుసటి ఏడు, 1854 జనవరి 1న, తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, ఇంకో ముగ్గురు తెలుగువాళ్ళు ఈ కొండెక్కారు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే ఇద్దరు ఆడవాళ్ళున్నారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే, కానీ ఇక్కడ ఒక్క మిషనరీ కూడా లేడు. ఐదుగురూ పాట పాడారు, యెషయా 52వ అధ్యాయం చదివారు, ఒకరి తర్వాత ఒకరు మోకరించి ప్రార్థించారు. వెలుగొచ్చాక జూయెట్ కింద నాగజెముడు కమ్ముకున్న ఒక మెరక జాగా చూపించి, అక్కడ మన మిషన్ బంగళా ఉంటే బాగుండదా అని జూలియాని అడిగాడట.

జూలియా, రూతు ఎలాంటి చీరలు కట్టుకున్నారో, ఆ చలిలో కాళ్ళకి చెప్పులున్నాయో లేవో నేను ఎన్నోసార్లు ఆలోచించాను. వాళ్ళ పేర్లు మిగిలాయి, అంతే. దొరల జీవితాలు మనకి తెలిసినంత వివరంగా వాళ్ళ జీవితాలు తెలియవు. కానీ ఐదు ప్రార్థనల్లో వాళ్ళవీ ఉన్నాయి.

పైకి చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది. మాకంటే ముందు వచ్చినవాళ్ళు అక్కడక్కడా కూర్చుని పాడుకుంటున్నారు. అమ్మ ఒక రాతి మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. ఫోన్ లైటు వేసి నేను యెషయా చదివాను. "సువార్త ప్రకటించి సమాధానము చాటించువాని" పాదములు "పర్వతములమీద ఎంతో సుందరమైయున్నవి" అన్న చోట అమ్మ వంగి తన మోకాళ్ళు ఒత్తుకుంటోంది. మడమలు పగిలి, వేళ్ళ సందుల్లో దుమ్ము పట్టి ఉన్నాయి ఆ పాదాలు. నాకు గొంతు పట్టేసి కాసేపు చదవలేకపోయాను.

అన్న కొంచెం దూరంలో నిలబడి కింద ఊరి వైపు చూస్తున్నాడు. నాగజెముడు ఉండిన చోట ఏముందో ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టలేరు. అంతా మేడలు, సెల్ టవర్లు.

"వాళ్ళు ప్రార్థన చేసిన ఎన్నాళ్ళకి వచ్చాడు పాపా, ఆ క్లవ్ దొర?" అని అడిగాడు. తర్వాత ఒంగోల్లో పని చేసిన మిషనరీ జాన్ క్లవ్ గురించి అడుగుతున్నాడు. నేను ఆశ్చర్యపోయాను.

"ఒంగోలుకి 1866లో."

"అంటే పన్నెండేళ్ళు. వాళ్ళ విశ్వాసంలో లోపముందని ఎవరూ అనలేదా?"

నా దగ్గర జవాబు లేదు. అమ్మే మాట్లాడింది. లూకా 13లో అంజూరపు చెట్టు సంగతి ఎత్తుకుంది. మూడేళ్ళ నుంచి కాయలేదు, నరికెయ్యమంటాడు యజమాని. తోటమాలి ఏమన్నాడు? "అయ్యా, నేను దానిచుట్టు త్రవ్వి, యెరువు వేయుమట్టుకు ఈ సంవత్సరముకూడ ఉండనిమ్ము." అమ్మకి ఆ వచనం నోటికొచ్చు.

"మరి ఆ తర్వాతి ఏడు కాసిందా?" అన్నాడు అన్న.

"యేసయ్య చెప్పలేదు నాయనా. కథ అక్కడితో ఆపేశాడు."

ఆ ఉపమానం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. కథ అక్కడితో ఆగిపోతుందన్న సంగతి ఆ రోజు దాకా నాకు తట్టలేదు. ఇంటికొచ్చాక మళ్ళీ తీసి చూశాను. నిజమే. కాస్తే సరి, లేకపోతే నరికించు అని తోటమాలి అనడంతో అయిపోతుంది. చెట్టు ఏమైందో లేదు. తోటమాలికీ తెలియదు. తెలియకుండానే పార పట్టుకున్నాడు.

దిగాక, టిఫిన్ తిని, ఆటో మాట్లాడుకుని వెల్లంపల్లి వెళ్ళాం. ఇది నా పట్టుదల. కొండ చూసి అక్కడి గుండ్లకమ్మ ఏరు చూడకుండా వెళ్తే కథ సగమే చూసినట్టు.

జాన్ క్లవ్ ఒంగోలు వచ్చిన ఏడే పడమటి పల్లెల నుంచి తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్యది తాళ్ళకొండపాడు. మాదిగ కులం. అంతకుముందే దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగిన మనిషి. ఆయన వెనక ఆయన వాళ్ళు వచ్చారు. మాదిగల్ని చేర్చుకుంటే మేము రామని ఊళ్ళో పెద్ద కులాలవాళ్ళు క్లవ్‌కి చెప్పారు. ఆ రాత్రి ఆయనా, ఆయన భార్యా వేర్వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందంటారు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం. "లోకములో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని, ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనియున్నాడు." మా తాతల తండ్రులు ఆ మాట విని లోపలికి వచ్చినవాళ్ళే. మా ఇంట్లో ఆ వచనాన్ని ఊరికే చదవరు.

ఆ తర్వాత 1876లో మొదలైంది ధాత కరువు. రెండేళ్ళకి పైగా జనం ఆకులూ దుంపలూ తిని బతికారు, ఎంతోమంది బతకలేదు. క్లవ్ మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరు పని చేసినవాడు. అప్పుడు తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని, వచ్చినవాళ్ళకి పనీ కూలీ ఇచ్చాడు. కూలీలు అలసి కూర్చున్నప్పుడు బోధకులు వాళ్ళ మధ్య కూర్చుని మత్తయి 11వ అధ్యాయంలోని మాట చెప్పేవారు: "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును." తట్ట పక్కన పెట్టి చెమట తుడుచుకునే మనిషికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో నేను ఊహించుకోగలను. ఉపాధి హామీ పనికి వెళ్ళే మా ఊరి ఆడవాళ్ళు ఆ వచనం చదివినప్పుడు తల ఊపే తీరు చూశాను.

వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లవ్ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని, పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చేది ఇదే. లెక్కలు చూపించుకోవడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? అయినా ఆగాడు. కరువు సాయం ఆపేశాక, ఇక ఇచ్చేది ఏమీ లేదు, రాకండి అని చెప్పాక కూడా వాళ్ళు వచ్చారు. ఒంగోల్లో మశూచి ఉండడంతో వెల్లంపల్లి దగ్గర కూడారు. 1878 జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది ఈ గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ 3వ తేదీన ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని పొద్దున్నా సాయంత్రం నీళ్ళలో నిలబడ్డారు.

మేం వెళ్ళేసరికి ఏటిలో నీళ్ళు పల్చగా ఉన్నాయి. వారగా జమ్ము మొలిచింది. ఇద్దరు పిల్లలు గాలం వేసుకుని కూర్చున్నారు. అమ్మ చెప్పులు విడిచి చీలమండల దాకా దిగి, చేతులు తడుపుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది. చాలాసేపు నిలబడింది. ఆమె ఏం ప్రార్థించిందో అడగలేదు.

అన్న ఒడ్డున కూర్చుని తడిమట్టి కొంచెం తీసి వేళ్ళతో నలుపుతున్నాడు. అది అతని అలవాటు, ఎక్కడ నీళ్ళు కనబడినా మట్టి పట్టుకుని చూస్తాడు.

"కూడు పెట్టినప్పుడు రమ్మనలేదు కదా ఆయన" అన్నాడు.

"లేదు."

"నేను గుంటల కోసమే ప్రార్థన చేశాను పాపా. రెండేళ్ళు. ఇంక దేనికీ చెయ్యలేదు."

అది తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "అనుదినాహారము" అడగమని ప్రభువే నేర్పించాడు కదా. అప్పుల్లో ఉన్నవాడు ఇంక దేనికోసం మోకరిస్తాడు? అలా అడగొచ్చనే చెప్పాను. అతను తల ఊపాడు, ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు.

తిరుగు బస్సులో అమ్మ మా ఇద్దరి మధ్య కూర్చుంది. టంగుటూరు దాటాక అన్న గుంటల ఆసామికి ఫోన్ చేశాడు. బస్సు మోతలో గట్టిగా మాట్లాడుతుంటే మాకూ వినబడింది. ఈ పంటకి సీడ్ వెయ్యనన్నాడు. నీళ్ళు తీసేసి, నేల నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టి, దున్నించి, సున్నం చల్లిస్తానన్నాడు. కౌలు మాత్రం వదలనని, ఈ ఒక్క ఏడాది డబ్బులకి గడువు కావాలని అడిగాడు. అవతలివైపు ఏమన్నారో తెలియదు. "సరే, ఆదివారం చర్చి అయ్యాక ఇంటికొస్తాను" అని పెట్టేశాడు.

అమ్మ బైబిల్ తెరిచి నాలుగు మడతల చీటీ తీసి అతని ఒళ్ళో పెట్టింది. అన్న దాన్ని విప్పలేదు. చొక్కా జేబులో పెట్టుకుని బొత్తం వేసుకున్నాడు.