పెరటి పొయ్యి, సంచిలో కోటు

మా అబ్బాయి ఏడో తరగతిలో ఉండగా తన చలికోటును జిప్పు ఉన్న సంచిలో పెట్టి గ్యారేజీలో తగిలించడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. వాడి చెల్లెలు చెప్పేసింది: "కోటుకు పోపు వాసన పట్టేస్తుందట."

డాలస్ శివారులోని మా ఇంట్లో వంటగదికీ హాలుకీ మధ్య గోడ లేదు. పొయ్యి మీది హుడ్ పొగను పీల్చినట్టే పీల్చి మళ్ళీ మన ముఖానే వదులుతుంది. ఎండుమిర్చి వేగిందంటే అలారం మోగుతుంది, దాని కింద నిలబడి ఎవరో ఒకరు తువ్వాలు విసరాలి.

పెరట్లో వంటగది కట్టించాలన్న ఆలోచన అలా పుట్టింది. పిల్లవాడికి జడిసి మన వంటను గడప దాటిస్తున్నానా అని నాకు బెంగ. రాజమండ్రి నుంచి అమ్మ ఫోనులో నవ్వేసింది. "పెళ్ళికి గాడిపొయ్యి ఇంట్లో తవ్వుతారా ఏమిటే?"

కాంట్రాక్టరు గీసిన ప్లానులో పెద్ద గ్రిల్లు, పక్కన బొమ్మలాంటి బర్నరు, అంతా 36 అంగుళాల ఎత్తులో. మాంసం కాల్చుకునేవాళ్ళకు అది చాలు. నలభై మందికి సాంబారు గుండిగ అంత ఎత్తున పెడితే నేను స్టూలెక్కి కలపాలి. అందుకే ఒక చివర గట్టును 20 అంగుళాలకు దించి, 60,000 బీటీయూల (వేడికి కొలత) పెద్ద బర్నరు పెట్టించాను. దానికి ప్రొపేన్ సిలిండరు. ఆ గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే సిలిండరు పెట్టే అరలో అడుగున పేరుకుంటుంది కనుక రంధ్రాలు కిందనే ఉండాలి. నల్ల గ్రానైటు మీద మనసుపడ్డాను కానీ జులై ఎండకు దాని మీద చెయ్యి ఆనదు, లేత రంగుతో సరిపెట్టుకున్నాను. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు పైపులు పగిలిన ఇళ్ళను చూశాను కాబట్టి, బయటి సింకు నీటిని ఆపే వాల్వు ఇంటి లోపలే పెట్టించాను. ఇక్కడ గాలి ఎక్కువగా దక్షిణం నుంచి వీస్తుంది. పెరడు ఇంటికి ఉత్తరాన ఉంది కనుక పొగ మాకు రాదు. మేము ఏ పూట ఏం వండామో వెనకింటివాళ్ళకు మాత్రం తెలిసిపోతుంది.

కిందటి డిసెంబరులో అబ్బాయి స్నేహితులు నలుగురు వచ్చారు. వాడు గ్రిల్లు దగ్గర, నేను తగ్గు గట్టు దగ్గర మిరపకాయ బజ్జీలతో. ఒక పిల్లవాడు వచ్చి మూకుట్లోకి తొంగి చూస్తూ నిలబడ్డాడు. మావాడు పట్టకారు పక్కన పడేసి వచ్చి, పచ్చిమిరపకాయను నిలువునా చీల్చి చూపించాడు. గింజలు తీసెయ్యాలట, వాము, చింతపండు కూరాలట, అప్పుడు మంట తగ్గుతుందట. ఇంగ్లీషులో చెబుతున్నాడు, "వాము" మాత్రం వాము అనే అన్నాడు. నేనెప్పుడూ నేర్పలేదు. చలికి ఆ కోటు తొడుక్కునే ఉన్నాడు.

అందరూ వెళ్ళాక దాన్ని విప్పి, అలవాటుగా సంచిలో పెట్టి జిప్పు మెడ దాకా లాగాడు. బజ్జీల వాసన లోపలే ఉండిపోయి ఉంటుంది.