గడ్డి పడవ

గౌతమి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో దింపేసరికి ఇంకా తెల్లవారలేదు. జొన్నాడ వంతెన మీదుగా వెళితే రావులపాలెం త్వరగా చేరవచ్చు. అయినా అత్తయ్య ఊరికి వెళ్ళిన ప్రతిసారీ ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వెళ్ళే బస్సే ఎక్కుతాను. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. మొదటి రెండూ దాటితే బొబ్బర్లంక. సంక్రాంతి వెళ్ళి పది రోజులైంది, మంచు దట్టంగా ఉంది. గేట్లు కనిపించలేదు, నీళ్ళ హోరు మాత్రం వినిపించింది.

1852లో కాటన్ దొర ఇక్కడ తొలి ఆనకట్ట పూర్తి చేసినప్పుడు కాలువలు, వరి, పడవల రవాణా ఆలోచించి ఉంటాడు. వరి వెనకాలే గడ్డి కూడా వస్తుందని ఎవరూ లెక్క రాసి ఉండరు. వానాకాలం పంట సార్వా గడ్డి, రెండో పంట దాళ్వా గడ్డి అంటూ ఏడాదికి రెండుసార్లు గడ్డివాము వేసుకునే చోట ఇంటికో గేదె ఉండడంలో వింతేమీ లేదు. డెల్టాలో పాడి నడిచింది ఈ గడ్డి మీదే. ఈసారి ఆ గడ్డి సంగతే చూసి వచ్చాను.

ఆత్రేయపురంలో బస్సు ఆగితే పూతరేకులు కొన్నాను. నెయ్యి అసలుదేనా అని అడిగితే కొట్టాయన నొచ్చుకున్నాడు. అడగకుండా ఉండాల్సింది.

లొల్ల దాటాక ఎండ వచ్చింది. దాళ్వా నాట్లు పడుతున్నాయి. ఇంకా నీళ్ళు పెట్టి దున్ని దమ్ము చేయని చేలల్లో సార్వా గడ్డి నలిగి, బురదలో కలిసిపోయి కనిపించింది. అక్కడక్కడా నల్లటి మచ్చలు, కాల్చేసిన గుర్తులు. నా చిన్నప్పుడు సంక్రాంతి నాటికి ఈ దారి పొడవునా కుప్పనూర్పిళ్ళే. ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ గొలుసు చక్రాల కోతయంత్రం ఉంది. అది ధాన్యం తీసుకుని గడ్డిని ముక్కలుగా వెనక్కి కక్కేస్తుంది. దాళ్వాకు నీళ్ళు వదిలే తేదీ తరుముకొస్తుంటే ఆ ముక్కలు ఏరించే ఓపిక ఏ రైతుకు ఉంటుంది? కూలీలను పెట్టి కోయించాలంటే ఖర్చు, పైగా మనుషులు దొరకరు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాదని సార్వా సాగే మానేసి క్రాప్ హాలిడే అన్నారు. అంతదాకా వచ్చిన రైతును గడ్డి కోసం చేతికోత కోయించమని అడగలేం.

రావులపాలెం నుంచి ఆటోలో ఏటిగట్టుకు, అక్కడి నుంచి పడవలో ఏటి మధ్యనున్న లంకకు చేరాను, అత్తయ్య ఊరు అదే. లంకలో వరి ఉండదు. కొబ్బరి, అరటి, కంద, కూరగాయలు. అందుకే గడ్డి ఎప్పుడూ అవతలి ఒడ్డు నుంచి రావాల్సిందే. మామయ్య చెప్పడం ప్రకారం, పూర్వం అవతలి రైతు పొలానికి పశువుల ఎరువు తోలితే వాళ్ళు గడ్డి ఇచ్చేవారు. డబ్బు చేతులు మారేది కాదు. ఇప్పుడు యంత్రం వదిలిన గడ్డిని ఇంకో యంత్రం కట్టలు కడుతోంది, ఆ కట్టలు వ్యాపారి దగ్గర కొనాలి. దానికి తోడు పడవ కిరాయి. "పడవలో మనిషికొక ధర, గడ్డి కట్టకొక ధర. కట్టకే మర్యాద ఎక్కువ, దాన్ని తడవనివ్వరు" అన్నారు.

అత్తయ్య పాకలో మూడు గేదెలు ఉన్నాయి. ఒకటి పాలిస్తోంది, ఒకటి వట్టిపోయి ఏడో నెల చూలుతో ఉంది, మూడోది ఇంకా ఈనని పడ్డ. అంటే ముగ్గురు తింటుంటే సంపాదించేది ఒక్కతే. గేదె పది నెలలు మోస్తుంది. ఎండాకాలంలో ఎదకు వచ్చినా పైకి తెలియనివ్వదు. ఒక్కసారి తప్పిపోతే మళ్ళీ ఎదురుచూడడమే. రెండు ఈతల మధ్య ఏడాదిన్నర పట్టడం పల్లెల్లో మామూలే, ఆ మధ్యకాలంలో గడ్డి తినడం మాత్రం మానదు కదా.

సాయంత్రం పాలు తీయడం దగ్గర కూర్చుని చూశాను. ముందు కుడితి బకెట్టు, అందులో తవుడు, గుప్పెడు తెలగపిండి. దూడను విప్పగానే అది తలతో పొదుగును రెండు కుమ్ములు కుమ్మింది. గేదె చేపింది, పొదుగులోకి పాలు దిగాయి. అత్తయ్య దూడను పక్కకు లాగి గుంజకు కట్టి, నీళ్ళతో పొదుగు కడిగి, కాళ్ళ మధ్య తపేలా ఇరికించుకుంది. మొదట గిన్నె అడుగున టంగుటంగుమన్న చప్పుడు, నురగ నిండేకొద్దీ మెత్తబడింది. మూడు చన్నులు తీసి నాలుగోది దూడకు వదిలేసింది. చివరికి మిగిలే పాలలోనే వెన్న ఎక్కువ. "చిక్కటివన్నీ దానికి పెట్టి నీళ్ళపాలు కేంద్రానికి పోస్తుంది మీ అత్తయ్య" అని మామయ్య ఎగతాళి. అత్తయ్య వినిపించుకోలేదు. పెయ్యదూడ మరి, దాని మీద ఆశ.

పాలకేంద్రం నాలుగిళ్ళ అవతల ఉంది. యంత్రంలో చెంచాడు పాలు పెడితే చీటీ వస్తుంది. 3 లీటర్ల 200 మిల్లీలీటర్లు, వెన్న 6.2 శాతం. నిన్న 7 వచ్చిందట. గేదె అదే, చేయి అదే. కట్ట గడ్డి తడిసి బూజు పట్టిందని పచ్చిగడ్డి ఎక్కువ వేసింది, అందుకే తగ్గిందేమోనని అత్తయ్య అనుమానం. ధర కట్టేది వెన్నను బట్టి కాబట్టి 7 అంటే కిలో పాలలో 70 గ్రాముల వెన్నకు డబ్బు, 6.2 అంటే 62కే. ఆ ఎనిమిది గ్రాములే రేపటి కూర. బిల్లు పదిహేను రోజులకోసారి, అందులోంచి దాణా బస్తా బాకీ ముందే తీసేస్తారు.

దాణా ధర ఎందుకు పెరుగుతోందంటే మామయ్య చెప్పిన కారణం నాకు కొత్తగా అనిపించింది. తవుడు ముందు నూనె మిల్లుకు పోతుంది. నూనె తీసిన తవుడు కొల్లేరు వైపు చేపల చెరువులకు మేతగా పోతుంది. "చేపా మా గేదే ఒక్క విస్తరి దగ్గర కూర్చున్నాయి. చేప వెనకాల డబ్బున్నవాడు ఉన్నాడు." పొలాలే చెరువులైన చోట ఇక గడ్డి ప్రసక్తే లేదు. వరి కోతకు ముందు తడి చేలో పిల్లిపెసర, జనుము చల్లి పశువుల కడుపు నింపిన పద్ధతి కూడా దాళ్వా వేసే చోట కుదరదు.

రాత్రి ఫోనులో లెక్క వేశాను. లీటరుకు అరకిలో దాణా, పైన పోషణకు కిలోన్నర, గడ్డి, మందులు, పడవ కిరాయి. పొద్దున నాలుగింటికి లేచి అత్తయ్య చేసే పనికి కూలి కూడా ఒక వరుసలో రాశాను. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇదెందుకు రాశావు? నేనేమైనా కూలికి వెళ్ళానా?" అని ఆ వరుస తీసేయించింది. తీసేశాక ఏదో కొంచెం మిగిలింది. "చూశావా" అంది.

కిసాన్ క్రెడిట్ కార్డు గుర్తుచేశాను, అది ఇప్పుడు పాడికి కూడా ఇస్తున్నారు కదా అని. "కార్డు ఇస్తారు. గడ్డి ఇస్తారా?" అన్నారు మామయ్య. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులను ఎప్పుడో దాటేసి ఇంకా పెరుగుతుంటే, పశువులను పడవల మీద ఏటిగట్టుకు చేర్చారు. పశువులు దక్కాయి, వాము పోయింది. ఆ ఏడాది అప్పు చేసింది గేదె కోసం కాదు, గడ్డి కోసం. లంక చివర అందరూ మేపుకునే బీడును ఏరు ఏటా కోసుకుపోతోంది. పొద్దున్నే వెళ్ళి చూశాను. గట్టు కత్తితో కోసినట్టు నిలువుగా ఉంది, గడ్డి వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి.

వట్టిపోయిన గేదెను ఈనక ముందే అమ్మేద్దామని మామయ్య, ఈనాక అయితే ధర పలుకుతుందని అత్తయ్య. మూడు నెలల గడ్డి ఎవరు కొంటారన్నది ఆయన ప్రశ్న. నేనున్న రెండు రోజుల్లో అది తేలలేదు. తేలితే ఫోను చేస్తానంది అత్తయ్య. జున్నుపాలు కావాలంటే మాత్రం తన పక్షాన మాట్లాడమని నవ్వింది.

తిరుగు ప్రయాణానికి రేవుకు వచ్చేసరికి అవతలి నుంచి పడవ వస్తోంది. మనుషులు కనిపించలేదు, పసుపు రంగు కట్టలు మాత్రమే. నన్ను సాగనంపడానికి వచ్చిన మామయ్య నా సంచి కింద పెట్టేసి, పంచె పైకి కట్టి మోకాలి లోతు నీళ్ళలోకి దిగారు. పడవ ఇంకా ఒడ్డు తాకకముందే వేలు చూపిస్తూ లెక్క మొదలుపెట్టారు.

"కింది వరసలో రెండు తడిశాయి. వాటికి కిరాయి ఇవ్వను" అని కేకేశారు.

పడవవాడు నన్ను చూపించి, "ఆయన కిరాయిలో పట్టుకుంటాను లెండి" అన్నాడు.